గాజు వెనక ఎండ, 20 లీటర్ల నీళ్ళు: ఒక స్లైడర్ తాబేలు కేసు

సికింద్రాబాద్‌లో ఒక ఇండిపెండెంట్ ఇల్లు. తాబేలు రెడ్ ఇయర్డ్ స్లైడర్ (చెవి దగ్గర ఎర్ర చార ఉండే అమెరికా నీటి తాబేలు), ఆడది: ముందుకాళ్ళ గోళ్ళు పొట్టి, తోక సన్నగా పొట్టిగా, మలద్వారం డిప్ప అంచు లోపలే. పై డిప్పను స్కేలుతో తిన్నగా కొలిస్తే 16 సెంటీమీటర్లు, బరువు 690 గ్రాములు. తినడం మానేసింది, కళ్ళు తెరవడం లేదు అన్నది ఇంటివాళ్ళ ఫిర్యాదు.

రెండు కనురెప్పలూ ఉబ్బి మూసుకుపోయాయి. వెనక కాళ్ళ పైన డిప్ప అంచును బొటనవేలితో మెల్లగా నొక్కితే లోపలికి పోతోంది. ఈ వయసు తాబేలులో అది అస్సలు కదలకూడదు. వీపు మీద పాత పలకలు ఊడకుండా ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి, వాటి మీద తెల్లటి ఉప్పు పొర. పొట్ట డిప్ప మీద ఎర్రటి జీరలు లేవు, ముక్కులో బుడగలు లేవు, ఈదేటప్పుడు ఒక పక్కకి ఒరగడం లేదు. ఈ మూడూ లేకపోవడం పెద్ద ఊరట. మొదటిది రక్తంలోకి ఇన్ఫెక్షన్ చేరిందనడానికి, మిగతా రెండూ న్యుమోనియాకి గుర్తులు. వాటిలో ఏది కనిపించినా టబ్బు సంగతి తర్వాత, అదే రోజు వెటర్నరీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

సరీసృపాలను చూసే డాక్టరు ఎక్స్‌రే తీసి విటమిన్ ఏ లోపం, కాల్షియం, విటమిన్ డీ3 లోపంతో ఎముక పలచబడటం అని తేల్చారు. మందుల భాగం వారిది కాబట్టి ఇక్కడ రాయడం లేదు. ఒక్కటి మాత్రం చెప్పి తీరాలి: విటమిన్ ఏ ఇంజెక్షన్ మోతాదు మించితే చర్మం పొరలుగా ఊడి పచ్చిపుండు అవుతుంది. కళ్ళు వాచిన తాబేలుకి మనుషుల విటమిన్ చుక్కలు ఇంట్లో వేయొద్దు.

మందు ఎంత మంచిదైనా ఆ తాబేలు మళ్ళీ అదే టబ్బులోకి వెళితే నెలల్లో తిరిగి ఇదే స్థితికి వస్తుంది. అందుకే చికిత్సలో సగం నివాసమే అని లెక్క వేసి పని మొదలైంది. ఇందులో మా అభిప్రాయం మొదటే చెబుతాం: చలి దేశాల వాళ్ళు రాసిన సూచనలు చూసి మనవాళ్ళు దీపాల మీద, అలంకారం మీద డబ్బు పోస్తారు. మన ఊళ్ళలో ఎండ ఊరికే వస్తుంది, దానికి అడ్డం పెట్టకపోతే చాలు. డబ్బు పెట్టాల్సింది నీటి పరిమాణం మీద, ఫిల్టరు మీద.

పాత టబ్బులో ఏం జరిగింది

అది బట్టలు నానబెట్టే 20 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు. మూడు అంగుళాల నీళ్ళు, మధ్యలో ప్లాస్టిక్ కొబ్బరిచెట్టున్న చిన్న దీవి. పిల్లగా ఉన్నప్పుడు కొన్న దీవి అది, ఇప్పుడు తాబేలు ఎక్కితే మునిగిపోతుంది. అంటే ఒంటికి తడి ఆరే చోటే లేదు. డిప్ప పలకలు ఊడాలంటే రోజూ పూర్తిగా ఆరాలి.

టబ్బు తూర్పు కిటికీకి లోపలివైపు ఉంది. పిల్లి భయంతో గాజు తలుపు మూసే ఉంచుతారు. పొద్దున పూట ఎండ నేరుగా తాబేలు మీద పడుతోంది కాబట్టి ఎండకి లోటు లేదని అనుకున్నారు. అసలు లోటు అక్కడే. చర్మంలో డీ3 తయారు కావడానికి కావలసింది 290 నుంచి 315 నానోమీటర్ల మధ్య తరంగదైర్ఘ్యం ఉండే యూవీబీ అనే అతినీలలోహిత కిరణం. మామూలు కిటికీ గాజు వెలుతురును, వేడిని లోపలికి పంపి, ఈ యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. తాబేలు ఎండ కాగుతున్నట్టే కనిపిస్తుంది, డీ3 మాత్రం తయారు కాదు. డీ3 లేకపోతే తిన్న కాల్షియం పేగు నుంచి ఒంటికి పట్టదు. అప్పుడు రక్తానికి కావలసిన కాల్షియం ఎముకలోంచి, డిప్పలోంచి పోతుంది. పాలీకార్బొనేట్ షీటు, ఆక్రిలిక్ మూత వేసినా చాలావరకు ఇదే నష్టం.

నీళ్ళు రోజు విడిచి రోజు మారుస్తున్నారు. మార్చే ముందు పరీక్షిస్తే తాబేలు వ్యర్థాల నుంచి పుట్టే అమోనియా 8 పీపీఎం (లీటరుకి 8 మిల్లీగ్రాములు), కిట్టులోని రంగుల కార్డులో చివరి గడి, ముదురు ఆకుపచ్చ. పైగా బోరు నీటి పీహెచ్ 8.2. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమోనియాలో విషపు భాగం దాదాపు పదింతలవుతుంది. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది కాబట్టి చేపలా వెంటనే చావదు. కానీ ఆ నీళ్ళలో కళ్ళు, చర్మం మండుతూనే ఉంటాయి. విటమిన్ ఏ లేక ముందే బలహీనపడ్డ కనురెప్పలకి ఇది తోడైంది. తిండి ఎండు రొయ్యల డబ్బా, అప్పుడప్పుడు అన్నం మెతుకులు.

ఎంత నీళ్ళు కావాలి

పెంచేవాళ్ళు సాధారణంగా వాడే లెక్క: అంగుళం డిప్పకి 10 అమెరికన్ గ్యాలన్లు, అంటే దాదాపు 38 లీటర్లు. ఈ తాబేలుకి 6.3 అంగుళాలు, కాబట్టి 240 లీటర్లు కనీసం. ఆడ స్లైడర్ 25 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది, బాగా చూసుకుంటే 30 ఏళ్ళు బతుకుతుంది. రెండేళ్ళకోసారి టబ్బు మార్చే బదులు ఒకేసారి పెద్దదానికి వెళ్ళడం చవక.

ఎంచుకున్నది ఫైబర్ టబ్బు: 5 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు. 38 సెంటీమీటర్ల మట్టం వరకు నింపితే 510 లీటర్లు. ఆ లోతు డిప్ప నిడివికి రెండింతలు దాటింది కాబట్టి తాబేలు వెల్లకిలా పడినా తిరగబడగలదు. ఇంటి తూర్పు సందులో గచ్చు మీద 25 మిల్లీమీటర్ల థర్మోకోల్ షీటు పరిచి టబ్బు పెట్టాం. గచ్చులో చిన్న గతుకున్నా ఫైబరు అడుగు అక్కడే చిట్లుతుంది. డ్రైను వైపు అర అంగుళం వాలు ఇచ్చి, అడుగున ఒకటింబావు అంగుళం ట్యాంక్ నిపుల్, బాల్ వాల్వ్ బిగించాం. బక్కెట్లతో తోడాల్సి వస్తే ఏ ఇంట్లోనైనా రెండో నెలకే నీళ్ళు మార్చడం ఆగిపోతుంది. వాల్వ్ ఉంటే ఆగదు.

అడుగున ఇసుక లేదు, గులకరాళ్ళు లేవు. స్లైడర్లు చిన్న రాళ్ళు మింగుతాయి, పేగు మూసుకుపోతుంది. మలం రాళ్ళ కింద చేరి కుళ్ళుతుంది కూడా.

సందులో పొద్దున 7 నుంచి 10:30 వరకు నేరుగా ఎండ, 11 దాటాక ఇంటి నీడ. తాబేలుకి ఇంతకన్నా మంచి చోటు వెతికినా దొరకదు. మధ్యాహ్నం యూవీ ఇండెక్స్ (ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రతకి కొలత) ఎండాకాలంలో మన దగ్గర 10 దాటుతుంది, అది దీనికి అక్కరలేదు. ఉదయపు ఎండే చాలు. పైన ఒక అంగుళం గడుల వెల్డ్ మెష్ మూత, బందులతో, గడియతో. పిల్లులు, కాకులు, కోతులు రాకుండా అది తప్పదు. సన్నటి దోమతెర మెష్ వేయకూడదు, అది యూవీబీలో పెద్ద భాగాన్ని ఆపేస్తుంది. దోమల భయానికి మందు నీటి కదలిక. ఫిల్టరు నడుస్తున్న టబ్బులో గుడ్లు నిలవవు, ఒకటీ అరా లార్వాని తాబేలే తినేస్తుంది.

ఎండ కాగే అరుగు

45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, నీటి మట్టానికి 6 సెంటీమీటర్ల పైన. చట్రం ఒక అంగుళం పీవీసీ పైపుతో. పైపుకి అక్కడక్కడ 5 మిల్లీమీటర్ల రంధ్రాలు పెట్టాలి, లేకపోతే లోపల గాలి నిలిచి చట్రం తేలిపోతుంది. పైన ఫాల్స్ సీలింగ్ దీపాల కింద వాడే గళ్ళ ప్లాస్టిక్ షీటు, జిప్ టైలతో కట్టి, టైల కొసలు కిందికి తిప్పి కోసేశాం. కృత్రిమ గడ్డి వేయలేదు, పోగులు కొరికి మింగుతుంది.

ఎక్కే వాలుకి పాత మంగళూరు పెంకు వాడాం. గరుకుగా ఉంటుంది, గోళ్ళు పడతాయి, జారదు. వాలు 30 డిగ్రీలు దాటకుండా చూడాలి. అదే పెంకును అరుగు మీద కూడా పరవాలని చాలామందికి అనిపిస్తుంది, అది వద్దు. కాల్చిన మట్టి నీటిని పైకి పీలుస్తుంది. ఒక కొస నీళ్ళలో ఉన్న పెంకు రోజంతా పైదాకా తేమగానే ఉంటుంది, తాబేలు పొట్ట డిప్ప ఆరదు. అందుకే వాలుకి పెంకు, అరుగుకి గళ్ళ షీటు, రెంటికీ మధ్య వేలి మందం ఖాళీ. నల్ల కడప బండ అరుగుగా పెడితే మే నెల ఎండకి కాళ్ళు కాలతాయి.

చట్రం కాళ్ళకి, టబ్బు గోడకి, పంపుకి మధ్య సందులు 3 సెంటీమీటర్ల లోపయినా ఉండాలి, 20 దాటయినా ఉండాలి. మధ్యస్థంగా ఉంటే తాబేలు అందులో ఇరుక్కుని పైకి రాలేక మునిగి చస్తుంది. నీటి తాబేలు నీళ్ళలో మునిగి చావడం ఏమిటని కొట్టిపారేయకండి. ఇంకొకటి: అరుగు మీద నుంచి చూస్తే టబ్బు గోడ ఎత్తు 16 సెంటీమీటర్లే, సరిగ్గా తాబేలు నిడివి. నిలబడి గోళ్ళు అంచుకి వేసి దాటగలదు. ఆ మూల చుట్టూ 20 సెంటీమీటర్ల నున్నటి షీటు అదనంగా బిగించాం. మెష్ మూత తీసి ఉన్న సమయంలో ఇదే కాపాడుతుంది.

ఫిల్టరు

ఒక తాబేలు అదే పరిమాణం చేపలకన్నా ఎన్నో రెట్లు మురికి చేస్తుంది. చేపల తొట్టి పెట్టెల మీద రాసిన లీటర్ల లెక్క తాబేలుకి పనికిరాదు, మూడో వంతుగా చదువుకోవాలి. 510 లీటర్లకి సరిపడే కానిస్టర్ ఫిల్టరు (తొట్టి బయట పెట్టే మూసిన డబ్బా ఫిల్టరు) ఖరీదు ఎక్కువ కాబట్టి 60 లీటర్ల నీలం డ్రమ్ముతో చేయించాం.

డ్రమ్ము ఇటుకల దిమ్మె మీద, టబ్బు మట్టానికి పైన. టబ్బులో గంటకి 3000 లీటర్ల పంపు. మీటరు ఎత్తుకి తోడేసరికి చేతికి వచ్చేది దాదాపు సగమే, అయినా గంటకి మూడుసార్లు నీళ్ళు తిరుగుతాయి. పంపు గళ్ళ పెట్టెలో ఉంటుంది. నీళ్ళు పైపు ద్వారా డ్రమ్ము అడుగుకి దిగి, అక్కడి నుంచి పొరలు దాటుకుంటూ పైకెక్కి, 50 మిల్లీమీటర్ల పైపులోంచి తిరిగి టబ్బులోకి జారతాయి. అడుగున 10 సెంటీమీటర్లు ఖాళీ, మడ్డి చేరడానికి, దానికొక డ్రైను వాల్వ్. ఆ పైన గళ్ళ షీటు, తర్వాత ముద్దలుగా చుట్టిన ఉల్లిపాయల సంచుల వల, ఆ మీద రెండు ముతక స్పాంజిలు, అన్నిటికన్నా పైన కరెంటు వైరింగుకి వాడే ముడతల ఫ్లెక్సిబుల్ పైపును 2 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి నింపాం. ఆ ముడతల్లోనే బాక్టీరియా కాపురం పెడుతుంది, అమోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చేది అదే.

ఇలాంటి డ్రమ్ములు చెడేది మూడు చోట్ల. తిరుగు పైపు సన్నగా ఉంటే ఆకు ముక్క అడ్డం పడి డ్రమ్ము పొంగి, టబ్బు నీళ్ళన్నీ సందులోకి పోతాయి. అందుకే లోపలికి వెళ్ళే పైపు 20 మిల్లీమీటర్లయితే బయటికి వచ్చేది 50, దానికి పై మట్టంలో ఇంకో అత్యవసర రంధ్రం. పంపు నీటి మట్టానికి 15 సెంటీమీటర్ల కిందే ఉండాలి, అడుగున కాదు. అప్పుడు ఎంత పొంగినా టబ్బులో 23 సెంటీమీటర్ల నీళ్ళు మిగులుతాయి. రెండోది కరెంటు పోయినప్పుడు: డ్రమ్ము అడుగున ఉన్న మడ్డి నీళ్ళు సైఫన్ పట్టి వెనక్కి టబ్బులోకి వస్తాయి. లోపలికి దిగే పైపుకి డ్రమ్ము నీటి మట్టం పైన 4 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి పెడితే గాలి దూరి సైఫన్ తెగిపోతుంది. మూడోది కడగడం. స్పాంజిలను కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కి బాక్టీరియా చచ్చి, ఫిల్టరు మళ్ళీ మొదటికి వస్తుంది. టబ్బులోంచి తీసిన పాత నీళ్ళలోనే పిండాలి, అదీ ఒకసారికి ఒకటే. పంపు ఇన్వర్టరు మీద పెట్టడం మంచిది. చాలా గంటలు ఆగిపోయి ఉంటే మళ్ళీ వేసే ముందు డ్రమ్ములోని కంపు నీళ్ళు డ్రైను చేయాలి.

పాత చేపల తొట్టి నుంచి బాగా నడిచిన స్పాంజి ఒకటి తెచ్చి పెట్టినా, ఫిల్టరు కుదురుకోవడానికి ఆరు వారాలు పట్టింది. మొదటి వారంలో అమోనియా 1 పీపీఎం, మూడో వారంలో నైట్రైట్ 2కి ఎక్కింది, ఆరో వారానికి రెండూ సున్నా, నైట్రేట్ 30. అమోనియా 1 దాటినప్పుడల్లా పావు వంతు నీళ్ళు మార్చాం. ఇప్పుడు వారానికోసారి 125 లీటర్లు. మున్సిపల్ నీళ్ళయితే డ్రమ్ములో ఒక రోజు తెరిచి ఉంచడమో, యాంటీ క్లోరిన్ వేయడమో చేయాలి. నైట్రేట్ 40 లోపు ఉండాలి. బోరు నీటిలోనే నైట్రేట్ ఉండే ఇళ్ళు చాలా, ముందు ఆ నీళ్ళని పరీక్షించండి. తీసిన నీళ్ళు కరివేపాకు చెట్టుకి, పూల మొక్కలకి అమృతం. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా మళ్ళకి మాత్రం పోయొద్దు, అందులో సాల్మొనెల్లా అనే విరేచనాల జబ్బు తెచ్చే బాక్టీరియా ఉండొచ్చు. అమెరికాలో 4 అంగుళాల లోపు తాబేళ్ళ అమ్మకాన్ని 1975లో నిషేధించింది పిల్లలకి ఈ జబ్బు సోకుతోందనే. వంటింటి సింకులో టబ్బు సామాను కడగకూడదు. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

కళ్ళు తెరిచేవరకు

చూపు లేని తాబేలును 38 సెంటీమీటర్ల నీటిలో వదలకూడదు. వాపు తగ్గేవరకు 60 లీటర్ల టబ్బులో డిప్ప మునిగేంత నీళ్ళు పోసి, రోజూ మార్చి, పొద్దున అరగంట నేరుగా ఎండలో, సగం నీడతో ఉంచారు. మేత నీళ్ళలోనే. స్లైడర్ పొడి నేల మీద సరిగా మింగలేదు.

తిండిలో మార్పు ఇది: తాబేళ్ళ పెల్లెట్లు దాని తల పరిమాణమంత, రోజు విడిచి రోజు. ఆకులు రోజూ. మునగాకు అన్నిటికన్నా మంచిది, కాల్షియం, విటమిన్ ఏ రెండూ ఇస్తుంది. తర్వాత తోటకూర, అజొల్లా (నీటి మీద తేలే చిన్న మొక్క), తురిమిన క్యారెట్, ఎర్ర గుమ్మడి. పాలకూర తక్కువగానే, అందులోని ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టేస్తుంది. గుర్రపుడెక్క తింటుంది కానీ నగరపు చెరువుల నుంచి తేవద్దు. ఆయుర్వేద దుకాణాల్లో సముద్రపు నురుగు పేరుతో అమ్మే కటిల్‌ఫిష్ ఎముక, వెనకనున్న గట్టి పొర తీసేసి, నీళ్ళలో తేలేలా వదిలితే తానే కొరుక్కుంటుంది. ఎండు రొయ్య, అన్నం, బ్రెడ్డు ఆపేశారు. ఎండు రొయ్యకి అలవాటుపడ్డ తాబేలు మొదట ఆకు ముట్టదు. పెల్లెట్లు తగ్గించి ఓపిక పట్టాలి, ఆరోగ్యంగా ఉన్నది ఆకలికి తింటుంది.

ఎండాకాలం, చలికాలం

నీళ్ళు 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి, అరుగు మీద 32 నుంచి 35. మే నెలలో సాయంత్రం 4 గంటలకి నీళ్ళు 32 తాకాయి. ఐసు సీసాలు వేయడం అందరికీ తోచే ఉపాయం, కానీ లెక్క వేయండి: రెండు లీటర్ల గడ్డకట్టిన సీసా 500 లీటర్లను అర డిగ్రీ కూడా దించదు. 125 లీటర్లు తీసి సంపు నుంచి 27 డిగ్రీల నీళ్ళు పోస్తే ఒకటింబావు డిగ్రీ దిగుతుంది. మేడ మీది ట్యాంకు నీళ్ళు పోయకూడదు, ఆ నెలలో అవి టబ్బుకన్నా వేడి. మార్చి నుంచి జూన్ మధ్య వరకు టబ్బులో మూడింట రెండు వంతుల మీద 75 శాతం ఎండను ఆపే గ్రీన్ నెట్ కట్టాం, అసలు పని చేసేది ఆ నీడే.

డిసెంబరు రాత్రుల్లో నీళ్ళు 18కి పడిపోతాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద తాబేలు తట్టుకుంటుంది, కోలుకుంటున్నది తట్టుకోదు. మొదటి చలికాలం 300 వాట్ల హీటరు, 26 దగ్గర పెట్టి. గాజు హీటరును తాబేలు పగలగొడుతుంది కాబట్టి రంధ్రాలున్న పైపు తొడుగులో ఉంచాలి. రాత్రి థర్మోకోల్ మూత వేయకపోతే 300 వాట్లు గాలికే పోతాయి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) లేకుండా ఈ టబ్బులో ఏ వైరూ పెట్టొద్దు.

గుడ్ల పెట్టె

ఆడ తాబేలు బాగా తిని, ఎండ కాగి కోలుకుంటే మగది లేకపోయినా గుడ్లు పెడుతుంది. ఈ సంగతి తెలియని ఇళ్ళలో తాబేలు గుడ్లు లోపలే ఆపుకుని చచ్చిపోతుంది. టబ్బు పక్కనే 60 × 45 సెంటీమీటర్ల పెట్టె, 30 సెంటీమీటర్ల లోతుకి సగం ఇసుక, సగం తోటమట్టి, పిడికిట పట్టి వదిలితే ముద్ద నిలిచేంత తడి. మేత తగ్గి, టబ్బు గోడలు గీకుతూ, వెనక కాళ్ళతో అరుగును తవ్వుతున్నట్టు చేస్తే పెట్టెలోకి మార్చి, ఎవరూ కనబడకుండా వదిలేయాలి. ఇది వెనక కాళ్ళతో సీసా ఆకారపు గుంట తవ్వి గుడ్లు పెట్టి, తానే పూడ్చింది. తవ్వి తవ్వి గుడ్డు పెట్టకుండా నీరసపడితే మళ్ళీ ఎక్స్‌రే.

డిప్ప అంచు ఇప్పుడు నొక్కితే కదలదు. పేరుకున్న పలకలు ఒక్కొక్కటే పలచటి గాజు పొరలా ఊడి నీటిలో తేలాయి. వాటిని గోటితో లాగకూడదు. వెనకవైపు డిప్పకి వచ్చిన వంపు మాత్రం ఉండిపోతుంది, ఎముక గట్టిపడుతుంది గానీ ఆకారం వెనక్కి రాదు.

పెంచలేమనిపిస్తే

చెరువులో వదలొద్దు. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 ఆక్రమణ జాతుల జాబితాలో స్లైడర్ ఉంది. కేరళలో చెరువులకి చేరిన వీటిని పట్టి తెచ్చే పనిని పీచిలోని అటవీ పరిశోధన సంస్థ చేపట్టాల్సి వచ్చింది. మన చెరువుల తాబేళ్ళ తిండిని, ఎండ కాగే చోట్లను ఇది లాక్కుంటుంది. ఆ దేశీ తాబేళ్ళు, నక్షత్ర తాబేళ్ళు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షితాలు. ఎవరైనా అమ్మజూపితే కొనకుండా అటవీ శాఖకి చెప్పాలి.

ఫ్లాట్‌లో ఉంటే

ఇదే తాబేలుకి ఫ్లాట్ హాల్లో 4 × 2 × 2 అడుగుల గాజు తొట్టి సరిపోతుంది, 40 సెంటీమీటర్ల మట్టానికి 288 లీటర్లు. 12 మిల్లీమీటర్ల గాజే దాదాపు 86 కిలోలు, స్టాండు కలిపితే 400 దాటుతుంది. మన భవనాల ప్రమాణంలో నివాస గదులకి లెక్కించే బరువు చదరపు మీటరుకి సుమారు 200 కిలోలు. కాబట్టి గది మధ్యలో కాదు, కింద బీము ఉన్న గోడ వారగా. ముందుకు పొడుచుకు వచ్చిన బాల్కనీలో స్ట్రక్చరల్ ఇంజనీరును అడగకుండా పెట్టొద్దు. ఇక్కడ దీపం తప్పదు: పెట్టె మీద 12 శాతం యూవీబీ అని రాసి ఉండే టీ5 (సన్న రకం) ట్యూబు, అరుగుకి 35 నుంచి 40 సెంటీమీటర్ల పైన, మధ్యలో గాజు లేకుండా, రోజుకి 12 గంటలు. వెలుగు తగ్గకపోయినా యూవీబీ తగ్గిపోతుంది, ఏడాదికి ట్యూబు మార్చాలి. మార్చిన తేదీ ట్యూబు కొస మీద మార్కర్‌తో రాసి పెట్టుకోండి.